ఎండిన తోడు

గుమ్మఘట్ట మండలంలో గిరి అంతటి వైద్యుడు వెయ్యేళ్ళలో పుట్టలేదు. మణికట్టు మీద మూడు వేళ్ళు పెడితే చాలు, మనిషిది వాతమో పిత్తమో కఫమో తేల్చడమే కాదు, పొద్దున తిన్న ఉగ్గానిలోకి బజ్జీ ఉందో లేదో కూడా చెప్పేస్తాడు. కాకపోతే మొన్నటి ఎండలకు తనకే విరేచనాలు పట్టుకుంటే, ఆ మూడు వేళ్ళూ జేబులో పెట్టుకుని రాయదుర్గం పోయి సెలైన్ ఎక్కించుకుని వచ్చాడు. ఆ సంగతి మనకెందుకు.

నిజానికి ఆ ఊళ్ళో నాడి చూడనక్కర్లేదు. కడుపులే మాట్లాడతాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ప్రతి కడుపులోనూ సంత మొదలవుతుంది. వాతపు కడుపులు గుట్ట మీది గాలిమరల్లా ఆగకుండా తిరుగుతూ వాగుతాయి. పిత్తపువి తిరగమోతలో ఆవాల్లా చిటపటలాడతాయి. కఫపువి బురదలోంచి బర్రె లేచినంత నిదానం. లోపలుండే ఆ కంటికి కనపడని జనాన్ని ఊరు కడుపోళ్ళు అంటుంది. గిరి చదివిన కాలేజీలో సూక్ష్మజీవులన్నారు. ఏ ఇంటి పెరుగు తోడు తింటే ఆ ఇంటి పెద్దల గొంతు కడుపులో పలుకుతుంది. కొత్తకోడలి కడుపు అత్త గొంతుతో "ఉప్పు తక్కువైంది" అన్నా ఎవరూ తిరిగి చూడరు.

అలాంటి ఊళ్ళో అంజినప్ప కడుపు మూగబోయింది.

జ్వరమొస్తే అంగట్లో మాత్రలు కొని మింగాడు. తగ్గకపోతే ఇంకా గట్టివి మింగాడు. జ్వరం పోయింది, దాంతోపాటు కడుపోళ్ళందరూ పోయారు. కషాయం పోసిన గిరి నెల తర్వాత మళ్ళీ చూడబోయేసరికి మంచం మీద చొక్కా పడుకున్నట్టుంది, అందులో మనిషిని వెతుక్కోవాలి. పక్కన కంచంలో సంగటి. దాని మీద ఈగ వాలడం లేదు. వీధి కుక్క గడప దాకా వచ్చి, ముక్కెత్తి, వెనక్కి నడిచింది. గిరి పొట్టకు చెవి ఆనించాడు. ఎండిన బోరులో రాయి వేసి, అడుగు తాకే చప్పుడు కోసం కాచుకున్నట్టుంది. రాయి పడుతూనే ఉంది.

"ఏమప్పా డాక్టరూ, లోపల ఎవురన్నా ఉండారా?"

"ఉండార్లే అన్నా. కునుకు తీస్తాండారు."

"పోయిన నెల నుంచీ కునుకేనా?" అంది అంజినప్ప భార్య వనజాక్షి. "పిత్తమంటివి, చలవ కషాయం పోస్తివి. చేయి పట్టుకుంటే చల్లబండను పట్టుకున్నట్టుండాది."

గిరి ఈసారి మనిషిని నిదానంగా చూశాడు. మాత్రల వేడి చూసి మనిషే పిత్తమనుకున్నాడు. పగిలిన మడమలు, నిలవని నిద్ర, ఆగని నోరు. అంజినప్ప పుట్టుకతోనే వాతం.

"అక్కా, మీ ఇంటి తోడుంటే కడుపులోకి మళ్ళీ పోద్దాం."

"యాడిదప్పా? కరువుకు బర్రెల్ని అమ్మేస్తిమి గదా. అప్పట్నుంచీ ప్యాకెట్ పెరుగే. దాంట్లో ఎవురి గొంతూ ల్యాదు."

ఊరంతా అంతే. బర్రె మిగిలింది ముసలి లక్ష్మీదేవమ్మ ఇంట్లోనే. ఆమె చెంబుతో తెచ్చింది కఫపు తోడు. ఒక గరిటె పోయగానే, ఎవరో తలుపు దాకా వచ్చి ఇల్లు తమది కాదని తెలిసి మెట్లు దిగిపోయిన చప్పుడైంది. అంజినప్ప పెదాలు నీలం తిరిగాయి.

"పొద్దు గుంకేలోపల లోపల ఎవురన్నా పలక్కపోతే ఇంగ అంతే" అంది లక్ష్మీదేవమ్మ.

గిరి దవాఖానా బీరువాలో, స్టీలు డబ్బాలో, ఒక గుడ్డముక్క ఉంది. వాళ్ళమ్మ పోయేముందు పెరుగులో ముంచి ఎండబెట్టిన తోడు. ఊళ్ళో అందరికన్నా బక్కమనిషి, అందరికన్నా ఎక్కువ మాట్లాడిన మనిషి, వాతానికే వాతం. మూత తీస్తే గుడ్డ సన్నగా అంటుంది, "గిరీ, తిన్యావా?" రోజూ మూత తీసి, "తిన్యా" అని, మూత పెట్టేస్తాడు. ఎండిన తోడు ఒక్కసారే లేస్తుంది. లేచాక గుడ్డ ఉత్త గుడ్డ.

పోయి తెచ్చాడు. గోరువెచ్చని పాలల్లో వేసి ఎండన పెట్టారు.

"మీయమ్మ గొంతు నీ కడుపులో ఉండాల గదా, గుడ్డలో ఏంటికి పెట్టుకున్యావు?" అంది వనజాక్షి.

"అవన్నీ వైద్యశాస్త్రంలే అక్కా."

పొద్దు వాలేసరికి పేరుకుంది. అంజినప్ప మింగాడు. గాలి పడిపోయింది. గుట్ట మీద గాలిమరలన్నీ ఒక్కసారిగా నిలబడ్డాయి. ఎక్కడో లోతున రాయి అడుగు తాకింది. ఆ మీసాల మనిషి పొట్టలోంచి ఆడగొంతు లేచింది.

"అబ్బ, ఎంత చీకటిగా ఉండాది ఈడ! గిరీ, తిన్యావా?"

వాకిట్లో కుక్క తోకాడించింది. సంగటి మీద ఈగ వాలింది. వనజాక్షి ఏడుస్తూనే దాన్ని తోలింది.

అంజినప్ప కండపట్టాడు. ఇప్పుడతను బజార్లో నడుస్తుంటే, పొట్ట గిరిని కేకేసి తల దువ్వుకోమంటుంది. గిరేమో నాడి చూడాలని రోజూ మధ్యాహ్నం వాళ్ళింటికి పోతాడు. నాడి మణికట్టు దగ్గర ఉంటుంది, అతని చెవి మాత్రం పొట్ట మీద ఉంటుంది. ఒక్కోసారి గుర్రు కూడా పెడతాడు.

"ఏమప్పా," అన్నాడు అంజినప్ప ఒకనాడు, "ఆ తోడుతోనే రోజూ పేరబెడతాండాం. ఒక గ్లాసు మజ్జిగ తాగితే మీయమ్మ నీలోనే ఉంటాది గదా. నా పొట్ట మీద పండుకునేది ఏంటికి?"

గిరి గడప దగ్గర పడుకున్న వీధి కుక్కను చూశాడు. మండలమంతటికీ మజ్జిగ రాసిచ్చే వైద్యుడు.

"చెప్పురా, ఇప్పుడన్నా చెప్పు" అంది పొట్ట.

"నాకు పెరుగు పడదన్నా. వాసనొస్తేనే కక్కొస్తాది. అమ్మ కలిపిచ్చిన ప్రతి ముద్దా ఈ కుక్కకే వేసినా."