ఒక ఇంటికి ఒక్క కళావతి

ఆడపిల్లకు పేరు పెట్టడం ఇంత తలనొప్పి అని నాకు ముందే తెలిస్తే, దవాఖానలోనే ఏదో ఒకటి పెట్టేసి ఇంటికి తెచ్చేదాన్ని. డెబ్బై తొమ్మిదిలో పుట్టింది నా కూతురు. మా అమ్మ మరిపెడలో మంచం పట్టి ఉండడంతో కాన్పు వరంగల్ దవాఖానలో అయ్యింది, పురుడు అత్తగారింట్లోనే జరిగింది. మా ఆయన అక్క సరస్వతి వదినె నాకు చేసి పెట్టడానికని హనుమకొండ నుంచి వచ్చి కూర్చుంది. కూర్చుంది అంటే నిజంగానే కూర్చుంది. నా మంచం పక్కన పీట వేసుకుని, నేను ఏ పేరు చెప్పినా దానికో వంక పెట్టడమే పనిగా పెట్టుకుంది.

నా ఆశ పెద్దదేం కాదు. పిల్లకు నిండుగా, పాతకాలపు అందంతో ఉండే పేరు కావాలి. ఇంకెవరిదీ కాని పేరు.

"వైదేహి అని పెడుదం వదినె" అన్నాను.

"సీతమ్మ పేరా? ఆమె పడ్డ కష్టాలు సాలవా, మన పిల్ల గూడ పడాల్నా?"

"పోనీ, హైమవతి."

"బాపుకు నోరు తిరుగుతదా? రోజూ పిలిచేది ఆయనే గదనే."

"మాధవి."

"మా వీధిల ఉన్నరు ఇద్దరు మాధవిలు. ఇద్దరూ గయ్యాళులే."

నాకు ఒళ్లు మండిపోయేది. బాలింత కోప్పడితే పాలు పడవని మళ్లీ ఆమే అనేది. కోపం తెప్పించేది తనే, వద్దనేది తనే!

ఒకనాడు పొద్దున మా మామయ్య వెంకట్రాజం గడప దగ్గర నిలబడి, లోపలికి చూడకుండానే వదినెతో తీర్పు చెప్పేశాడు. "ఎందుకు ఈ పంచాది? ఆమె పోయి ఏడాది తిరగలేదు, ఇంట్ల ఆడపిల్ల పుట్టింది. వేరే ఎవలు పుడ్తరు? మీ అమ్మ పేరే పెట్టుండ్రి."

వదినె కొంగుతో కళ్లొత్తుకుంది. అంతటితో పేరు ఖాయమైపోయింది. కన్నదాన్ని నేను పక్కనే ఉన్నాను, నన్ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

మా అత్తమ్మ పేరు కళావతి. ఆ పేరుతో నాకు పగేం లేదు, ఎందుకంటే నా పేరూ కళావతే. మా నాయిన ఏరికోరి పెట్టుకున్న పేరు. మెట్రిక్ దాకా బడిలో ఆ పేరుకే చెయ్యెత్తాను. డెబ్బై రెండులో పెళ్లి చూపులనాడు మా మామయ్య ఆ పేరు విని, "ఒక్క ఇంట్ల ఇద్దరు ఒక్క పేరోళ్లు వద్దు, పిల్లకు మార్చుదం" అన్నాడు. పెళ్లిలో అయ్యగారు మంత్రాల మధ్య నన్ను నిర్మలను చేశాడు. సంబంధం తప్పిపోతుందని మా నాయిన నోరెత్తలేదు. నిర్మల మంచి పేరే. కాకపోతే అది నాది కాదు.

అది పోవడంతో ఆగిందా? మా దిక్కున కోడలు అత్త పేరు ఎత్తకూడదు. అంటే నా పేరు నా నోట రాకూడదు! ఓటర్ల లిస్టు రాసేవాళ్లు వచ్చి అత్తగారి పేరేమిటమ్మా అంటే, నేను పక్కింటి సమ్మమ్మను కేకేసి ఆమెతో చెప్పించాను. రాసుకునే అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఆ పేరే నాదని అతనికేం తెలుసు?

ఇప్పుడు ఆ పేరునే తెచ్చి నా కూతురి మీద పెడతారట. అప్పుడు నా పేరుతో పాటు నా బిడ్డ పేరూ నా నోట రాకూడదు. బడికి పోయేప్పుడు దాన్ని ఏమని పిలవాలి? ఓయ్ అనాలా? ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

మా ఆయన రామలింగం అడ్తి దుకాణంలో మిర్చి కాంటా వేయించి వచ్చేసరికి ఒళ్లంతా మిరపకాయల ఘాటు. పిల్ల తుమ్ముతుందని గుమ్మం బయటే నిలబెట్టాను.

"ఆ పేరొద్దని మీ బాపుకు చెప్పుండ్రి."

"ఎందుకు? మంచిగున్నది గదా."

"ఎందుకో మీకు తెల్వదా?"

"ఏం తెల్వాలె?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఏమీ ఎరగనట్టు కాళ్లు కడుక్కుంటున్నాడు. తండ్రికి ఎదురు చెప్పలేక నటిస్తున్నాడని నా అనుమానం. "మీ అంత దొంగ ఈ బజార్ల లేడు" అన్నాను. ఆయన దాన్ని వ్యాపారం సంగతి అనుకుని, "కాంటాల మోసం చెయ్య నేను" అని ప్రమాణం చేయబోయాడు. తల గోడకేసి కొడదామనిపించింది. నాదో, ఆయనదో తేల్చుకునేలోపే పిల్ల ఏడుపందుకుంది.

మర్నాడు వదినెతోనే అన్నాను. "గా పేరు వద్దు వదినె, నాకు మనసొప్పతలేదు."

ఆమె పీట మీద నుంచి లేచింది. "పోయినోళ్ల మీద గూడ పగేనా నిర్మలా? నీకు మా అమ్మ ఏం తక్కువ చేసింది? జెరమొస్తే నెత్తి పట్టలేదా? ఆమె పేరంటే నీకంత చేదా?"

చూశారా! నా నోటికి తాళం వేసి, ఎందుకు వద్దంటావని గద్దించడం. అత్తమ్మ నా తల పట్టిన మాట నిజమే. ఆమె నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. నా గోడు ఆమె మీద కాదని వీళ్లకెట్లా చెప్పేది? అందరూ కావాలనే మరిచిపోయినట్టు నటిస్తున్నారనుకుని, పంతానికి నేనూ నోరు కట్టేసుకున్నాను. వాళ్ల నోటితోనే రావాలి. ఎవరో ఒకరు, అయ్యో, అది నీ పేరు కదా అనాలి.

ఎవరూ అనలేదు. ఇరవై ఒకటో రోజు వచ్చేసింది.

తొట్టెలకు బంతిపూలు కట్టారు. సమ్మమ్మతో సహా వీధి ఆడవాళ్లంతా వచ్చారు. మా ఆయన పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాశాడు. చక్కగా, గుండ్రంగా రాశాడు, ఆయన దస్తూరి చూస్తే నాకు ఇంకా కడుపు మండింది. మేనత్త హోదాలో వదినె పిల్ల చెవిలో పేరు ఊదింది. తర్వాత, "బాపూ, పెద్దోనివి, మొదలు నువ్వు పిలువు" అంది.

మామయ్య తొట్టె దగ్గరికి వచ్చాడు. కండువా సవరించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచి, మళ్లీ మూశాడు.

"ఏంది బాపూ?"

"నలభై ఏండ్లు కాపురం చేసిన బిడ్డా. ఇగో అన్న, ఓయ్ అన్న. పేరు పెట్టి ఒక్కనాడు పిల్వలేదు. పోయేటప్పుడన్న పిలుద్దమనుకున్న, సుట్టు అందరుంటిరి, సిగ్గయింది. గందుకే పిల్లకు పెట్టుమన్న. గిప్పుడన్న పిలుస్త."

ఆడవాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. నాకు ఆయన మీద జాలేసింది. జాలేసినందుకు మళ్లీ నా మీద నాకే కోపం వచ్చింది. ఇన్నాళ్లూ తిట్టుకున్న మనిషిని ఇప్పుడెట్లా తిట్టుకోవాలి?

ఆయన తొట్టె తాడు పట్టుకుని, సన్నగా పిలిచాడు. "కళావతీ..."

"ఆఁ" అన్నాను.

నేనే. అనాలని అనలేదు. ఇంట్లో ఎవరో నన్ను పిలిచారు, పలికాను, అంతే.

అందరూ నా వైపు తిరిగారు. "ఏందే, పిల్లను పిలిస్తే నువ్వు పల్కుతానవ్?" అంది వదినె.

"నా పేరు గదా వదినె."

"నీ పేరు నిర్మల గదనే!"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పళ్లెం పట్టుకుని నిలబడి, అక్క మాటకు తలూపుతున్నాడు. అవును, నిర్మలే కదా అన్నట్టు. అప్పుడు అర్థమైంది నాకు. వీళ్లెవరూ నటించలేదు. నిజంగానే మరిచిపోయారు. ఏడేళ్లు నాతో కాపురం చేసిన మనిషికి నేను ఎవరినో గుర్తులేదు.

"నిర్మల మీరు పెట్టిన పేరు" అన్నాను. గొంతు ఎంత పెద్దదైందో నాకే తెలియలేదు. "మా నాయిన పెట్టింది కళావతి. కళావతి! ఇన్ని రోజుల సంది ఒక్కరన్న యాది చేస్తరని సూస్తాన. ఒక్కరికన్న యాదికి వచ్చిందా?"

సమ్మమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో, అత్త పేరు ఎత్తుతానవేందమ్మా!"

"అత్త పేరు కాదు, నాది!"

మా ఆయన పళ్లెం కింద పెట్టాడు. ఆయన మొహం పాలిపోయింది. నాకు ఏం జాలి కలగలేదు.

మామయ్య తాడు వదల్లేదు. తలవంచుకుని, "నేనే మార్పిచ్చిన గదా" అన్నాడు. "ఒక్క ఇంట్ల ఇద్దరెందుకని నేనే అన్న. మార్పిచ్చి, నేనే మరిచిన. పేరు నీది బిడ్డా. పిల్లకు నువ్వే వేరేది పెట్టుకో."

గెలిచాను. వైదేహి అనొచ్చు, హైమవతి అనొచ్చు, ఇప్పుడు వంకలు పెట్టే ధైర్యం వదినెకు కూడా లేదు. కానీ ఆ ముసలాయన తొట్టె తాడు పట్టుకునే ఉన్నాడు. పెదవులు మాత్రం ఇంకా ఆ పేరు దగ్గరే ఆగి ఉన్నాయి.

"పేరు పెట్టుడు అయిపోయింది మామయ్యా, ఇంక మార్చుడు వద్దు" అన్నాను. "ఇద్దరుంటే ఇల్లేం కూలదు. పిలువుండ్రి. పిల్లకు పలుకుడు వచ్చేదాక నేను పల్కుత."

ఆయన పిలిచాడు. నేను పలికాను.