ఆరు గేట్లకు ఒక భాష

లక్ష్మణసామి కళ్ళద్దాలు పైకి తోసుకుని నిన్నటి హాజరును మూడోసారి సరిచూస్తున్నాడు. కోవిల్‌పట్టిలోని ఆ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పదకొండేళ్ళుగా కంప్యూటర్ మనిషంటే అతనొక్కడే. బక్కపలచని ఒళ్ళు, నెరిసిన మీసం, సిరా మరకల జేబు.

పుదూరు, విళాత్తికుళం వ్యాన్లు ఒకే నిమిషంలో వచ్చి ఆడవాళ్ళను దింపుతాయి. ఫ్యాక్టరీకున్న ఆరు గేట్లలో ఏ రెండింట్లోనైనా ఒక్కసారే కార్డులు గీకితే, అతను సీ భాషలో రాసిన ప్రోగ్రాం ఒకదాన్ని మింగేస్తుంది. ఆ మనిషికి ఆ రోజు కూలి లేదు.

పొద్దున చిన్నతాయి కిటికీ దగ్గరికొచ్చి నిలదీసింది. "ఏమన్నా, నిన్న నేను వొచ్చిండ్లేదా? పెట్టెలు నింపింది నా దెయ్యమా?"

కార్డులు ఒకదాని తర్వాత ఒకటి నమోదయ్యేలా, సీలో వరుసకు కాపలా ప్రోగ్రాం రాసేవాడే కాయాలి. ఒక్కచోట మరిస్తే గోవిందా. ఎయిడా అనే భాషలో ఆ కాపలా భాషే కాస్తుంది. ఎనిమిది నెలలు కూర్చుని దాన్ని నేర్చుకున్నాడు. ఋజువు చూపిస్తే ఒప్పుకుంటారని నమ్మాడు, పిచ్చిమారాజు.

మధ్యాహ్నం మేనేజరు తిరుపతిసామి ముందు జాబితా పెట్టాడు. నింపిన పెట్టెల లెక్కతో పోల్చి తీసింది: మూడేళ్ళలో మాయమైన హాజరు, పేర్లతో సహా, రెండు వందల పద్నాలుగు రోజులు.

"ఇన్ని దినాలు పొయ్యిండాదా? ఆ ప్రోగ్రాం రాసిందెవురు?"

"నేనే, సార్. దానికే బాస మార్చాలని..."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట. ఆ కొత్త బాస ఊళ్ళో యెవురికి తెలుసు?"

"నాకు మాత్రమే, సార్."

తిరుపతిసామి నవ్వాడు. "బస్టాండు ఎదర నేర్పే విజువల్ బేసిక్ చాలు. దానికి వీధికి పదిమంది దొరుకుతారు. నువ్వు ఇంటికి పో."

జాబితాను నిలువునా చించి బుట్టలో వేశాడు. చిన్నతాయి రోజులూ అందులోనే పోయాయి.

ఏమైనా చెరిపేస్తాడేమోనని లక్ష్మణసామిని మళ్ళీ కంప్యూటర్ గదివైపు పోనివ్వలేదు. వాచ్‌మన్ మునుసామి చెయ్యి పట్టుకుని గేటుకు నడిపించాడు. దుమ్ము పడకూడదని ఆ గది బయటే చెప్పులు విడవడం రివాజు.

"నా చెప్పులు, మునుసామీ."

"ఆ పక్క పోవద్దన్నారన్నా. నా ఉద్యోగం తియ్యొద్దు."

ఎండకు కాలుతున్న నల్లమట్టి మీద మడమలెత్తి నడిచాడు. అరికాళ్ళ మంటకన్నా, ఆ జాబితాకు రెండో ప్రతి తీసుకోలేదన్న బాధే అతన్ని ఏడిపించింది.

సోమవారం వ్యాన్లు మళ్ళీ ఒకే నిమిషంలో వచ్చాయి. విజువల్ బేసిక్ నేర్చుకుని అతని పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు కంప్యూటర్ గది ముందు తమ చెప్పులకు చోటు చేసుకున్నారు. వాళ్ళు కాలితో పక్కకు నెట్టిన మగవాడి రబ్బరు చెప్పులు, గోడవారగా ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడి ఉన్నాయి.