చప్పట్లు మరిచిన పాఠం

ఆదివారాల్లో ఆ బడిలో పిల్లలు ఉండరు. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని ఇరుక్కుని కూర్చుంటారు. లెక్కల టీచర్లు దొరక్క, వేరే ఉద్యోగాల్లో ఉన్న డిగ్రీవాళ్లను పట్టుకొచ్చి, వారమంతా తరగతులకు పంపి, ఆదివారం పూట పాఠం ఎలా చెప్పాలో నేర్పించే ఏర్పాటు అది. వాళ్లలో ఒకాయన మిలటరీ నుంచి వచ్చాడు. ఇంకొకాయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసేవాడు. ఇంకొకామె మందుల షాపులో పనిచేసి వచ్చింది. అందుకని అందరూ ఆయన్ని మీటరు గారనీ, ఆమెను మందులమ్మ అనీ పిలిచేవారు.

మందులమ్మకిచ్చిన తాత్కాలిక అనుమతి ఈ టర్ముతో అయిపోతుంది. ఈలోగా బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు మాదిరి పాఠం చెప్పి గట్టెక్కితే సర్టిఫికెట్టు వస్తుంది. లేకపోతే ఆమె తరగతి ఇంకొకరి చేతికి పోతుంది. షాపుకే తిరిగి పోదామంటే, ఆమె స్టూలు మీద యజమాని అప్పుడే వేరే అమ్మాయిని కూర్చోబెట్టేశాడు.

మాదిరి పాఠానికి ఒక పద్ధతుంది. ఒకరు టీచరవుతారు, మిగతావాళ్లంతా పిల్లలు. శిక్షణ ఇచ్చే పెద్ద మేడమ్ చప్పట్లు చరిచి, “మీరిప్పుడు పిల్లలు” అంటుంది. అల్లరివాడెవరో, నిద్రమొహమెవరో, అర్థంకాని పిల్లాడెవరో ఆవిడే పంచిపెడుతుంది. పాఠం అయిపోగానే మళ్లీ చప్పట్లు. “పెద్దవాళ్లయిపోండి.” అంతే, అప్పటిదాకా పక్కవాళ్ల జడలు లాగినవాళ్లు నడుములు పట్టుకుని, మీసాలు సవరించుకుంటూ లేస్తారు.

ఒక ఆదివారం సాధనకి మందులమ్మ వంతు వచ్చింది. భిన్నాల భాగహారం. అర్థంకాని పిల్లాడి వేషం మీటరు గారికి పడింది.

“మూడుని సగంతో భాగిస్తే ఆరు,” అని ఆమె బోర్డు మీద రాసింది.

చివరి బెంచీలోంచి చెయ్యి లేచింది. “టీచర్, భాగిస్తే తగ్గాలి కదా? మూడు కాస్తా ఆరెలా అయింది?”

అందరూ కిసుక్కున నవ్వారు. “రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలి. అది పద్ధతి,” అందామె.

“ఎందుకు తిరగెయ్యాలి టీచర్?”

“తిరగేస్తేనే లెక్క వస్తుంది కాబట్టి. అర్థమైందా?”

ఆయన ఆమెను కాసేపు అలాగే చూశాడు. తర్వాత మెల్లగా తలూపాడు.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడమ్ ఫోను మోగింది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదట. ఆవిడ మాట్లాడుతూనే వరండాలోకి వెళ్లి, అటునుంచి అటే వెళ్లిపోయింది. మిగతావాళ్లు సంచులు సర్దుకున్నారు. చప్పట్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

మందులమ్మ బోర్డు తుడుస్తుంటే వెనకాల అడుగుల చప్పుడైంది. మీటరు గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“టీచర్, నీళ్లు తాగొస్తానండీ?”

“అబ్బో! చాల్లెండి బావగారూ, తెర దించేశారు,” అన్నాడు మిలటరీ ఆయన, పోతూపోతూ.

మందులమ్మ కూడా నవ్వింది. కానీ ఆ పిలుపు వింతగా తోచింది. ఆయన ఆమెను ఎప్పుడూ చెల్లెమ్మా అనేవాడు. పైగా ఆయన నవ్వడం లేదు. ఆమె ఊఁ అనేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

వారం మధ్యలో ఆయన భార్య ఫోను చేసింది.

“వదినా, ఆదివారం అక్కడేమన్నా జరిగిందా?”

“ఏం జరగలేదే! ఏమైంది?”

“మీ అన్నయ్య పాఠాలు చెప్పడానికి బడికి పోవడం లేదు. పొద్దున్నే వచ్చి తల దువ్వమని నా ముందు కూర్చుంటున్నారు. మొదట సరసమనుకుని ఒకటి పీకాను కూడా. నిన్న మధ్యాహ్నం కునుకులో ఒకటే కలవరింత, ‘అర్థమైంది టీచర్, అర్థమైంది’ అని. లేచాక కిటికీ దగ్గర కూర్చుని ఊచలు లెక్కపెడుతున్నారు. అయిపోగానే మళ్లీ మొదట్నించీ.”

మందులమ్మ చేతిలో ఫోను చల్లబడినట్టనిపించింది. చిన్నప్పుడు పాఠం అర్థం కానప్పుడల్లా ఆమె కిటికీ ఊచలే లెక్కపెట్టేది. టీచరు తనవైపు చూడగానే తలూపేది. ఈ సంగతి ఆమె తల్లితో చెప్పలేదు, కట్టుకున్నవాడితో చెప్పలేదు. తనతో తాను కూడా ఇన్నేళ్లలో ఎన్నడూ అనుకోలేదు.

తర్వాతి ఆదివారం పెద్ద మేడమ్ సంగతి విని పకపకా నవ్వింది. “నా తప్పే బాబూ!” అని గట్టిగా చప్పట్లు చరిచింది. “పెద్దవాళ్లయిపోండి!”

మీటరు గారు కదల్లేదు. ఆవిడ వైపు చూడనైనా లేదు. మందులమ్మనే చూస్తున్నాడు.

“ఈయన నటనకి శాలువా కప్పాల్సిందే,” అందావిడ. అందరూ నవ్వి, ఎవరి పుస్తకాల్లో వాళ్లు పడ్డారు.

అప్పుడు వినిపించింది, గర గర గర. ఆయన బొటనవేలి గోటితో బెంచీ అంచు గీకుతున్నాడు. మందులమ్మ తన కుడిచేతి బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. ఆ వేలిగోరు ఇప్పటికీ వంకరే. నాలుగో తరగతిలో బెంచీ గీకీ గీకీ అలా అయింది.

ఇంటికొచ్చి పుస్తకాలన్నీ ముందేసుకుంది. తిరగేసి గుణించమని అన్నిట్లోనూ ఉంది. ఎందుకో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఆమె భర్తను అడిగింది.

“సూత్రం కదే! దాన్ని నిలదీస్తావేంటి? పరీక్ష నీకా, సూత్రానికా?” అన్నాడాయన.

నవ్వొచ్చింది. దాని వెనకే భయమూ వచ్చింది. ఆ పాఠం ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. తలూపుతూ బడి దాటింది, కాలేజీ దాటింది, ఇప్పుడు బోర్డు దగ్గరికే వచ్చేసింది. తలూపిన పిల్ల మాత్రం ఆ బెంచీలోనే ఉండిపోయినట్టుంది. చప్పట్లు పడక, ఖాళీగా తలుపు తీసి ఉన్న మీటరు గారు కనబడితే ఆయనలోకి వచ్చి కూర్చుంది.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షకుడు జలుబుతో ముక్కు తుడుచుకుంటూ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన ప్లాను త్రిభుజాల మీద. రంగు కాగితాలతో చార్టులు చేసుకుంది, ప్రశ్నలు బట్టీ పట్టింది. పెద్ద మేడమ్ చప్పట్లు చరిచింది.

“పిల్లలూ, త్రిభుజానికి ఎన్ని భుజాలు?”

మిలటరీ ఆయన చెయ్యెత్తి ముద్దుముద్దుగా చెప్పాడు. పరీక్షకుడు ఏదో రాసుకున్నాడు. అంతా సాఫీగా పోతోంది. ఆమె రెండో చార్టు అందుకోబోతుంటే మళ్లీ గర గర గర.

తలెత్తి చూసింది. మీటరు గారు తలూపుతున్నాడు. ఆమె ఇంకా ఏమీ చెప్పనేలేదు. అయినా ఊపుతున్నాడు, మెత్తగా, బుద్ధిగా, కళ్లు ఊచల మీద పెట్టి. ఆగడం లేదు.

ఇటు చార్టు, సర్టిఫికెట్టు, తన తరగతి. అటు ఊగుతున్న ఆ తల. ఆమె చార్టు బల్ల మీద బోర్లించి చివరి బెంచీ దగ్గరికి నడిచింది.

“నీకు అర్థం కాలేదు కదూ?”

తల ఊగడం ఆగింది. పరీక్షకుడి కలం కూడా ఆగింది.

“నాకూ కాలేదు,” అందామె. “ఇద్దరం కలిసి చూద్దాం.”

చూపించడానికి ఏముందని సంచి తడిమితే తలనొప్పి మాత్రల అట్ట తగిలింది. మూడు మాత్రలు తీసి బెంచీ మీద పెట్టింది. షాపులో డబ్బు చాలనివాళ్లకు ఎన్ని మాత్రలు విరిచిచ్చిందో! ఆ ముక్కలూ ఈ భిన్నాలూ ఒకటేనని ఆ వేళ్లకు ఎవరూ చెప్పలేదు.

“పూటకి అర మాత్ర వేసుకుంటే, ఇవి ఎన్ని పూటలొస్తాయి?”

ఆయన ఒక్కొక్కటే విరిచాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. “ఆరు, టీచర్.”

“మాత్రలు పెరిగాయా?”

“లేదు. అవే మాత్రలు.”

“మరి మూడుని సగంతో భాగించడమంటే ఏమడుగుతున్నట్టు?”

ఆయన విరిచిన ముక్కల్ని జతలు జతలుగా జరిపి చూశాడు. ఆమె తొందరపెట్టలేదు. “మూడులో ఎన్ని సగాలున్నాయనా?”

“అంతే. ఒక్కో మాత్రలో రెండు సగాలు. తిరగేస్తే వచ్చే రెండు అదే.”

“ఓ...” అన్నాడాయన. పసిగొంతుతో మొదలైన ఆ ‘ఓ’ మగవాడి గొంతుతో ముగిసింది. పెద్ద మేడమ్ చేతులు వాటంతటవే చప్పట్లు చరిచాయి.

“అబ్బా, నడుం విరిగింది! ఎంతసేపు కూర్చోబెట్టావు చెల్లెమ్మా? కాళ్లు మొద్దుబారిపోయాయి,” అంటూ మీటరు గారు లేచాడు. చుట్టూ చూశాడు. “ఈయనెవరు? మేడమ్ ఫోను మాట్లాడొచ్చేశారా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పరీక్షకుడు కాగితం మడిచాడు. “ప్లానులో త్రిభుజాలు రాశారు, మాత్రలు చెప్పారు. పైగా పిల్లల ముందు నాకూ అర్థం కాలేదన్నారు. పాస్ చెయ్యలేనమ్మా. వచ్చే బ్యాచితో రండి.”

“ఈలోగా నా తరగతి పోతుందండీ.”

“పోతుంది,” అని చీదుకుని, కాస్త ఆగి, “అవి తలనొప్పికేనా? ఒక ముక్క ఇటివ్వండి,” అన్నాడు. ఇచ్చింది.

అందరూ వెళ్లిపోయారు. బయట ఆవరణలో మీటరు గారు భార్యతో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. “ఇన్ని రోజులేంటే? పొద్దున్నేగా వచ్చాను!” మందులమ్మ మిగిలిన ముక్కలు ఏరుతోంది.

గర గర గర.

చివరి బెంచీ ఖాళీగా ఉంది. ఆమెకు భయం వెయ్యలేదు. ఆ చప్పుడు బాగా తెలిసినదే.

“ఇప్పుడు అర్థమైందా?” అని అడిగింది. గీకుడు ఆగింది, ఆలోచిస్తున్నట్టు. తలూపమని ఆమె అడగలేదు. అక్కడే ఎదురుచూసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, నిద్రపోతున్నవాళ్లను లేపినంత మెల్లగా చప్పట్లు చరిచింది.

“పెద్దదానివైపో తల్లీ.”

ఇక చప్పుడు లేదు. సంచి భుజాన వేసుకుంటూ చూసుకుంటే, తన వంకర గోటి కింద పచ్చి చెక్కపొడి.

టర్ము అయిపోవడానికి ఇంకా కొన్నాళ్లుంది. ఆమె తరగతిలో చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉంది. ఎంత బుద్ధిమంతురాలో అని మందులమ్మే అందరికీ చెప్పుకునేది. తను నోరు తెరవకముందే ఆ అమ్మాయి తలూపేస్తుంది. రేపు ముందు ఆ పిల్ల దగ్గరికే వెళ్లాలి.