మెర్వా తోట మొక్కు

బత్రూన్ రేవులో నుహాద్‌కి నాలుగు గదుల చిన్న హోటలు ఉంది. కిటికీ తీస్తే సముద్రపు గోడ, గోడకి అవతల నురగ, ఇవతల ఆమె దుప్పట్లు ఆరేసే తీగ. ఆ నాలుగు గదుల మీదే ఆమె రోజులు గడుస్తున్నాయి గానీ ప్రాణం మాత్రం అక్కడ లేదు. కొండ మీద ఐన్ సుమ్మాక్ అనే ఊళ్ళో, వాళ్ళ నాన్న నాటిన మెర్వా ద్రాక్షతోటలో ఉంది. ఆ తోటని పెకలించడానికి సోమవారం బుల్డోజర్ వస్తోంది.

దాన్ని పిలిచింది బయటివాడు కాదు, తమ్ముడు తన్నూస్. తోట ఇద్దరిదీ. అయినా వాడొక్కడే మాట్లాడుకుని, వాడొక్కడే రోజు ఖాయం చేసుకుని, చివర్లో అక్కకి కబురు చెప్పాడు. మెర్వా అరక్ సారా బట్టీకి తప్ప దేనికీ పనికిరాని పండని, దాంతో వైన్ చేసేవాళ్ళని చూస్తే మేకలు కూడా నవ్వుతాయని వాడి వాదన. చుట్టుపక్కల కొండలన్నీ ఫ్రెంచి తీగలు వేసుకుని కులుకుతుంటే తనొక్కడే వెనకబడ్డాడని ఏడుపు. నుహాద్ ఎనిమిదేళ్ళుగా నాన్న కట్టిన రాతి గదిలో, మట్టి జాడీల్లో మెర్వా వైన్ చేస్తూనే ఉంది. తన్నూస్ ఒక్కసారైనా గ్లాసు ముట్టిన పాపాన పోలేదు.

పోట్లాడగా పోట్లాడగా బుధవారం నాడు వాడు ఒక మెట్టు దిగాడు. "సరే అక్కా. వైన్ తెలిసినవాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఇది వైనే అని నా ఎదురుగా అంటే బుల్డోజర్‌ని రావద్దంటాను. మన చుట్టాలు లెక్కలోకి రారు, ముందే చెబుతున్నా."

దేవుడే పంపాడో, రేవులో మిగతా హోటళ్ళన్నీ నిండిపోయాయో తెలియదు గానీ, శుక్రవారం సాయంత్రం ఫాయెజ్ మాస్టారు పెట్టె పట్టుకుని నుహాద్ గుమ్మంలో నిలబడ్డాడు. బేరూత్‌లో ఆయన బాగుందన్న వైన్‌ని ఊరంతా బాగుందంటుంది. బాగాలేదన్నదాన్ని సలాడ్‌లో పోసుకుంటుంది. శనివారం మధ్యాహ్నం పైన ఒక పెద్ద తోటవాళ్ళు ఆయన్ని తమ వైన్ రుచి చూడమని అద్దాల హాల్లోకి పిలిచారు. నుహాద్ ఆయనకి పీటేసి సముద్రపు గోడ ఎదురుగా కూర్చోబెట్టింది. నిమ్మరసం ఇచ్చింది, రాత్రికి తాజా చేప వేయించింది. ఆయన ముళ్ళు ఏరుకుంటూ మెత్తబడ్డ సమయం చూసి అడిగేసింది.

"మా మెర్వా వైన్ రుచి చూడ్డానికి ఒక్క గంట మాస్టారూ. మీరు వెళ్ళే దారిలోనే మా ఊరు."

"ఒక్క గుక్క," అన్నాడాయన. "కానీ నా నియమం ఒకటుంది. పొద్దున లేచాక రుచి చూసే పని అయ్యేదాకా కాఫీ ముట్టను. సిగరెట్టు, తీపి అసలే వద్దు. ఏలకుల కాఫీ ఒక్క చుక్క తగిలిందా, ఆ రోజుకి నా నాలుక చచ్చినట్టే."

నుహాద్ గుండెల్లో రాయి పడింది. ఐన్ సుమ్మాక్‌కి ఒకటే దారి. ఆ దారికి ఆనుకుని ఏడు ఇళ్ళు, ఏడూ చుట్టాలవే. పరాయి ఊరి మనిషిని వెంటబెట్టుకుని, కాఫీ తాగించకుండా ఆ గడపలు దాటిపోవడం ఆ ఊరు పుట్టాక జరగలేదు. రాత్రికి రాత్రే వాళ్ళ నాన్న చెల్లెలు వర్దా అత్తకి ఫోన్ చేసి, రేపొచ్చే ఆయనకి కాఫీ వద్దని చెప్పింది. అత్త జాలిపడింది. "అయ్యో పాపం, ఒంట్లో బాగాలేదేమో. అయితే చిన్న కప్పులో ఇస్తాలే."

మర్నాడు పదిన్నరకి కారు ఊరి మలుపు తిరిగేసరికి వర్దా అత్త రోడ్డు నడిమధ్యలో నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పొగలు కక్కే కాఫీ కూజా. ఏలకుల వాసన కారు కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చుంది. మాస్టారు గబుక్కున జేబురుమాలు తీసి ముక్కు మూసుకున్నాడు.

"దిగు నాయనా దిగు, ఏమిటా సిగ్గు!" అంటోంది అత్త. "మా ఊరి గాలి పీల్చి కాఫీ తాగకపోతే తలనొప్పొస్తుంది."

తొందరలో ఉన్నారంటే అవమానం. ఒంట్లో బాగాలేదంటే కషాయం పెడతారు, అది కాఫీకన్నా ఘోరం. నుహాద్ బుర్రలో ఇంకేమీ మిగల్లేదు.

"మొక్కు అత్తా!" అనేసింది. "ఆయనకి మొక్కుంది. పైన కన్యమాత గుడికెళ్ళి దణ్ణం పెట్టుకునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు."

అత్త పళ్ళెం కిందకి దించింది. ముఖం భక్తితో నిండిపోయింది. అంతలోనే కళ్ళు చిన్నవయ్యాయి. "మొక్కున్నవాడు కారెక్కి వస్తాడటే? చెప్పులతోనా?"

నుహాద్ నోరు తెరిచేలోపు అత్త కారు తలుపు తెరిచింది. మాస్టారు నుహాద్‌ వంక ఒక చూపు చూశాడు. ఆ చూపులో బేరూత్ భాషలో ఉన్న తిట్లన్నీ ఉన్నాయి. మళ్ళీ కాఫీ కూజా వంక చూశాడు. చూసి, కిందకి దిగి, బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఎంత దూరం?" అని పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

"అరకిలోమీటరు మాస్టారూ," అంది నుహాద్. నిజానికి రెండు కిలోమీటర్లు.

ఊళ్ళో కబురు కాళ్ళకన్నా ముందు నడిచింది. రెండో ఇంటివాళ్ళు కాఫీ పొయ్యి మీద వదిలేసి వచ్చి మాస్టారి వెనక చేరారు. మూడో ఇంటి ముసలాయన చేతికర్ర ఇచ్చాడు. నాలుగో ఇంటి దగ్గర కొవ్వొత్తి చేతిలో పెట్టారు. ఎండ మాడ్చేస్తోంది, తారు కాలుతోంది. నున్నటి పాదాలతో మాస్టారు ఒక్కో అడుగూ దేవుడి పేరు తలుచుకుంటూ వేస్తున్నాడు. ఆయన నిజంగా ఎవరిని తలుచుకుంటున్నాడో నుహాద్‌కి తెలుసు గానీ ఊరికి మాత్రం మహా భక్తుడిలాగే కనిపించాడు.

"ఇంతకీ దేనికోసం మొక్కుకున్నావు నాయనా?" అని అత్త అడిగింది.

"నా నాలుక కోసం అమ్మా," అన్నాడు మాస్టారు. కోపంలో అబద్ధం తట్టలేదు పాపం.

అత్త బుగ్గ నొక్కుకుంది. "మీ ఆవిడ పంపించిందా?"

వెనకవాళ్ళు పగలబడి నవ్వారు. నుహాద్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఈ నాటకంతో ఏడు ఇళ్ళూ దాటిపోతామని ఆశ పుట్టింది ఆమెకి. గుడికి ఆనుకునే వాళ్ళ తోట, రాతి గది. ఇంకొక్క వంపు.

ఆ వంపు తిరిగాక ఆమె ఆశ ఆవిరైపోయింది. మాస్టారు ముందు నడుస్తుంటే, ఇళ్ళలో మిగిలినవాళ్ళు మేకల దారిలో అడ్డంగా ఎక్కేసినట్టున్నారు. గుడి ముంగిట్లో ఏడు కాఫీ కూజాలు వరసగా, చిన్న చిన్న బొగ్గుల కుంపట్ల మీద సిద్ధంగా ఉన్నాయి. మొక్కు తీరాక నోట్లో పడే మొదటి చుక్క ఎవరింటిదైతే ఆ ఇంటికి మంచిదట. ఈ సంగతి నుహాద్‌కి చిన్నప్పట్నుంచీ తెలుసు. గుర్తు రాలేదు, అంతే.

మాస్టారు లోపలికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని లేచి వచ్చాడు. రాగానే ఏడు చేతులు, ఏడు కప్పులు.

"నేను ముందు వచ్చా!"

"ఇచ్చిన కర్ర మాది!"

"కొవ్వొత్తి ఎవరిది మరి, నీ తాతదా?"

తోట గేటుకి ఆనుకుని తన్నూస్ నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. అక్క ఎలా బయటపడుతుందో చూద్దామని వచ్చినట్టుంది వాడి వాలకం. నుహాద్‌కి ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. పొద్దుగూకే దాకా మొక్కు ఉందని చెప్పొచ్చు. కానీ ఎదురుగా గుడి తలుపు తీసే ఉంది, లోపల మాత నిలబడి ఉంది.

"ఆగండి," అంది. "మొక్కూ లేదు, ఏమీ లేదు. నేను అబద్ధమాడాను."

కప్పులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఈయన వైన్ రుచి చూసే మనిషి. మన మెర్వా రుచి చూడ్డానికి తీసుకొచ్చాను. కాఫీ తగిలితే ఆయన నాలుక పనిచెయ్యదు. ఈయన బాగుందనకపోతే సోమవారం బుల్డోజర్ వచ్చి నాన్న తోట తవ్వేస్తుంది. మాత పేరు చెప్పి మిమ్మల్ని మోసం చేశాను. తిట్టండి, పడతాను. కాఫీ మాత్రం ఇవ్వకండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

అందరూ వర్దా అత్త వంక చూశారు. అత్త ముఖం ఎర్రబడింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"రాత్రి ఫోన్ చేసి కాఫీ వద్దన్నానుగా అత్తా!"

"వద్దన్నావు. ఎందుకో చెప్పావా? కాఫీ వద్దని ప్రతివాడూ అంటాడు, అన్నాడని వదిలేస్తామా!" అత్త కోపంగా తన కూజా ఎత్తి గుడి పక్కనున్న గన్నేరు మొదట్లో గుమ్మరించేసింది. "ఆ మెర్వా తోట గోడలకి రాళ్ళు మోసినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడే పిచ్చిదానా. బుల్డోజరట! ఏం చూస్తున్నారు మీరంతా? పారబొయ్యండి!"

ఒకటి తర్వాత ఒకటి ఏడు కూజాలూ గన్నేరు పాలయ్యాయి. మాస్టారిని గుడి మెట్టు మీద కూర్చోబెట్టి, కడుపునిండా చన్నీళ్ళు తాగించి, పాదాల మీద కూడా ఇన్ని పోశారు. నుహాద్ రాతి గదిలోంచి కూజా నిండా వైన్ తెచ్చి గ్లాసులో పోసింది. ఆయన పక్కన ఒక మట్టి గిన్నె కూడా పెట్టింది.

"ఆ గిన్నె దేనికి?" అంది అత్త.

"రుచి చూశాక ఉమ్మేస్తారత్తా. వాళ్ళ పద్ధతి."

"గుడి మెట్ల మీదా! ఉమ్మి చూడమను, చెప్తా."

మాస్టారు గ్లాసు ఎండకి ఎత్తి చూశాడు. వాసన చూశాడు. ఒక గుక్క పుచ్చుకుని కళ్ళు మూసుకున్నాడు. ఊరంతా ఆయన బుగ్గల వంకే చూస్తోంది. చీర కట్టుకునే దేశం కాదు గనుక, పట్టుకోవడానికి కుచ్చిళ్ళు దొరక్క నుహాద్ చేతులు గౌను జేబుల్లో కుక్కుకుంది. ఎంతకీ కళ్ళు తెరవడే! చివరికి ఆయన గిన్నెని కాలితో పక్కకి నెట్టి, వైన్ మింగేశాడు.

"పని మీద ఉండగా నేను మింగడం," అన్నాడు మెల్లగా, "పాతికేళ్ళలో ఇది రెండోసారి."

తన్నూస్ గేటు వదిలి ముందుకొచ్చాడు. "మండుటెండలో నడిచొచ్చిన మనిషికి ఏదైనా బాగానే ఉంటుంది మాస్టారూ."

"దాహం నీళ్ళతోనే తీరిపోయింది బాబూ. ఇప్పుడున్నదల్లా కాళ్ళ మంట. మీ అక్క మీద కోపం కూడా బోలెడుంది. అరకిలోమీటరు అంది!" మాస్టారు గ్లాసు మళ్ళీ చాచాడు. "ఇన్ని ఉండి కూడా చెబుతున్నాను. ఇది వైనే. ఈ కొండ మీద ఇంతవరకూ నేను తాగినవాటిలో అన్నిటికన్నా మంచి వైన్. కింద సముద్రం గాలి, ఇక్కడి రాయి, రెండూ ఇందులో ఉన్నాయి. ఆ ఫ్రెంచి తీగలకి ఇది నేర్పాలంటే నీ మనవలు ముసలివాళ్ళవుతారు. అసలు నువ్వు తాగి చూశావా?"

తన్నూస్ నేల చూశాడు. "లేదు."

"లేదా!" అని ముంగిలి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. మూడో ఇంటి ముసలాయనైతే కర్ర కోసం వెతుక్కున్నాడు.

నుహాద్ గ్లాసు నింపి తమ్ముడి చేతికిచ్చింది. వాడు తాగాడు. సగంలో ఆగి, గేటు అవతల అంచెలంచెలుగా దిగిపోతున్న తోటని చూశాడు, మిగతాది కూడా తాగాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, అందరూ వింటుండగానే మాట్లాడాడు.

"సోమవారం రావద్దయ్యా... లేదు, మంగళవారం కూడా వద్దు. ఎప్పటికీ వద్దు... ఎవరు చెప్పారంటావేంటి? తోట మా అక్కది. ఆవిడ వద్దంది."

వర్దా అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెళ్ళిళ్ళలో నాలుక ఆడిస్తూ తీసే సంతోషపు కూత ఒకటి తీసింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఎవరి పెళ్ళిలోనూ సరిగ్గా కూత తీయడం చేతకాని నుహాద్ వాళ్ళందరికన్నా గట్టిగా తీసింది.