ఆరో గది

మూతలు ఆరూ విప్పి, బ్యాటరీని పక్కకు వాల్చి, థావి లోపలి పాత ఆసిడ్‌ను జాడీలోకి వంపింది. బూడిదరంగు మడ్డి ముద్దలు ముద్దలుగా జారింది. గదుల్లోకి తొంగి చూస్తే సీసం పలకల మీద తెల్లటి పొర పేరుకుపోయి ఉంది. నెలల తరబడి ఎవరూ దానికి గుక్కెడు నీళ్లు పొయ్యలేదన్నమాట. పొయ్యడానికి చేతులు రావు గానీ, చచ్చిందని తెచ్చి తన మొహాన పడెయ్యడానికి మాత్రం వస్తాయి, అనుకుంది. రోజూ అనుకునే మాటే. అయినా రోజూ కొత్తగానే ఒళ్లు మండుతుంది.

వేడి వాననీళ్లు పోసి, ఊపి, వంపింది. మళ్లీ పోసింది. ఆ ఊపుకి ఇంటి కింది వెదురుకట్టలు కిర్రుమన్నాయి. ఎండాకాలం కావడంతో టోన్లే సాప్ సరస్సు ఇంకిపోయి, ఊరు ఊరంతా తేలే ఇళ్లను పడవలకు కట్టి లాక్కుంటూ లోతు నీళ్లలోకి వచ్చి చేరింది. నీళ్లు బురదకంపు కొడుతున్నాయని అందరూ అంటున్నారు. థావికి తెలియదు. ఆమె ముక్కుకు ఆసిడ్ ఘాటు తప్ప వేరే వాసన తగిలి ఏళ్లయింది. కట్టుకున్న లుంగీ మోకాళ్ల దగ్గర జల్లెడలా చిల్లులు పడింది. వేళ్ల చివర్లు తెల్లబడి, చర్మం పొరలుగా లేచి ఉంటుంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లు ఆ చేతులు చూసి ఊరుకున్నారు. ఇప్పుడు నలభై దాటింది. పని నాన్న నేర్పాడు. నాన్న పోయేనాటికి తమ్ముడు ఫిరున్ ఇంకా పాకుతున్నాడు. వాణ్ణి పెంచింది ఈ చేతులే.

ఛొర్న్ పడవ వచ్చి వసారాకు తగిలింది. అతను నాన్న ఈడువాడు, వలలు వేసి బతికేవాడు. పడవ దిగకుండానే మొదలుపెట్టాడు.

"థావీ, మొన్న నువ్విచ్చిన బ్యాటరీ టీవీ సగంలోనే చతికిలబడిందే."

"దీపం వెలిగిందా?"

"దీపం వెలిగింది."

"దీపానికనేగా తెచ్చావు బాబాయ్. మరింకేం కావాలి?"

"అదీ నిజమేననుకో. కానీ మీ నాన్న పనితనం నీకు రాలేదే అమ్మాయ్. ఏమనుకోకు."

థావి ఏమీ అనుకోనట్టే తల ఊపింది. నాన్నకంటే తన చెయ్యి బాగా తిరిగిందని ఆమెకు తెలుసు. చెప్పుకునే దారే లేదు. ఊళ్లో ఎవరి బ్యాటరీ వచ్చినా ఐదు గదులు అద్దంలా కడిగి, ఆరోదాన్ని మడ్డితోనే వదిలేస్తోంది మరి. కావాలనే వదిలేస్తోంది.

బ్యాటరీకి తగిలించి చేపలకు షాక్ కొట్టే పెట్టె ఊళ్లోకి వచ్చి ఒక ప్రాణం తీసినప్పటి నుంచీ ఇదే పని. దీపం కొంచెం కొంచెంగా తాగుతుంది, ఒక గది బాగా లేకపోయినా రాత్రి గడుస్తుంది. ఆ పెట్టె అలా కాదు, ఉన్నదంతా ఒక్క గుటకలో లాగేస్తుంది. ఆరో గది చెడిన బ్యాటరీకి దాన్ని తగిలిస్తే నిమిషంలో కూలబడుతుంది. అది వచ్చిన కొత్తలో ఊరి చివరింటి కుర్రాడొకడు ఆమె బాగుచేసిన బ్యాటరీ పడవలో పెట్టుకుని వెళ్లి, నీళ్లలోకి జారి, తన కరెంటుకే తాను పోయాడు. బ్యాటరీ ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. అందరితో పాటు ఆమె కూడా వెళ్లి చావింట్లో గంజి తాగి వచ్చింది. ఆ గంజి ఇప్పటికీ గొంతులోనే ఉన్నట్టుంటుంది.

అప్పటి నుంచి బ్యాటరీ తెచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతుంది, దీపానికా, చేపలకా అని. అందరూ దీపానికే అంటారు. అబద్ధాలకోర్లు. వాళ్లను తిట్టి మాత్రం ఏం లాభం? ఒడ్డు నుంచి వచ్చే పెద్ద మోటారు పడవలు సరస్సుకు అడ్డంగా వలలు పరిచి చేపపిల్లలతో సహా ఊడ్చుకుపోతాయి. గస్తీవాళ్లకు అవి కనబడవు. చిన్న పడవల్లోని వల ముక్క మాత్రం ఆమడ దూరం నుంచి కనబడుతుంది. ఖాళీ వలలు దులుపుకుని దులుపుకుని విసిగినవాడు చివరికి ఆ పెట్టె పట్టుకుంటాడు. అందరి మీదా కలిపి ఆమెకున్నది ఒకటే కోపం, దాన్ని ఎవరి మీద ఎంత పోయాలో తెలియక బ్యాటరీల మీద పోస్తుంది.

ఫిరున్ కూడా ఒకసారి ఆ పెట్టెతో వేటకు పోయి, నాలుక కరుచుకుని, నెత్తురోడుతూ ఇంటికి వచ్చాడు. ఆ పెట్టెను థావి రోకలితో నుజ్జు చేసి నీళ్లలో పారేసింది. తల్లి కాళ్ల ముందు ధూపంకడ్డీలు వెలిగించి, మళ్లీ ముట్టనని వాడి చేత ఒట్టు వేయించింది. వాడు బతికుండాలి, అంతే. ఈ ఊళ్లో ఆమె కోరుకునేది ఇంకేమీ లేదు.

పోయిన వారం, ఫిరున్‌తో వేరే ఇంట్లో ఉండే తల్లే స్వయంగా పడవ వేయించుకుని వచ్చింది. "ఉక్కకి కన్ను మూతపడట్లేదే. రాత్రంతా ఫ్యాన్ తిరిగేట్టు ఒకటి గట్టిగా చేసిపెట్టు," అంది. తల్లి గుండు చేయించుకుని శీలం పట్టిన మనిషి. ప్రాణం తీయనని, అబద్ధమాడనని భిక్షువు ముందు చేతులు జోడించి పలికిన నోరు. ఆమెను దీపానికా, చేపలకా అని ఎవరడుగుతారు?

ఆ బ్యాటరీకి థావి ఆరో గది కూడా కడిగింది. పలకల మీది తెల్లపొర వదిలేదాకా భేది ఉప్పు కలిపిన నీళ్లు మార్చి మార్చి పోసింది. కొత్త ఆసిడ్ నింపి, వెనక వసారాలోని జనరేటరుకు తగిలించి, తొందరపెట్టకుండా, సన్నగా ఛార్జీ ఎక్కించింది. ఛొర్న్ వెళ్లాక గాజుగొట్టంలోకి ఆసిడ్ పీల్చి చూస్తే లోపలి బుడిపె ఆరు గదుల్లోనూ ఒకే ఎత్తున తేలింది. ఎన్నాళ్లకో చేతులకు అసలైన పని దొరికినట్టయింది. ఛొర్న్ మాట గుర్తొచ్చి, ఇది తెచ్చి నీ టీవీకి పెట్టుకో బాబాయ్, అప్పుడు మాట్లాడు, అనుకుంది.

మధ్యాహ్నం దాన్ని తీసుకెళ్లడానికి ఫిరున్ వచ్చాడు. మెడలో కొత్త క్రమా తుండు, తలకు నూనె. ఈ మధ్య పడవల కొట్టు వాళ్ల పిల్ల వెంట పడుతున్నాడని ఊరంతా అంటోంది.

"దీపానికా, చేపలకా?" అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

వాడి మొహం మాడింది. "అమ్మే వచ్చి నోరు తెరిచి అడిగింది కదక్కా. ఇంట్లోవాళ్లని కూడా దొంగల్లా చూస్తావేంటి?"

థావికి సిగ్గేసింది. "సర్లే, అన్నం తిని పో."

"వద్దులే. నీ ఇంట్లో అన్నం తింటే నా కడుపు కూడా ఛార్జీ అయిపోద్ది."

"పోరా వెధవా. ఎర్ర తీగ ఎర్రదానికే కట్టు."

"నాకు తెలీదూ." బ్యాటరీని చంకనెత్తి, బరువుకి ఒగురుస్తూ నవ్వాడు. "ఈ జోరుకి అమ్మ ఎగిరి ఒడ్డున పడుద్దేమో చూసుకోవాలి."

ఆమె కూడా నవ్వింది. వాడి పడవ మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ జాడీ ముందు కూర్చుంది.

పొద్దు వాలాక కాస్త ప్రహోక్ చేపముద్ద వేయించి, గిన్నెలో పెట్టుకుని, తల్లి ఇంటికి తెడ్డు వేసుకుంటూ వెళ్లింది. ఫ్యాన్ గాలికి అమ్మ ఎలా కూర్చుందో చూడాలనిపించింది. తల్లి గుమ్మంలో కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. ఫ్యాన్ మూలన ఉంది, మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు.

థావి గిన్నె కింద పెట్టింది. "బ్యాటరీ ఏదమ్మా?"

తల్లి విసనకర్ర ఆపలేదు. "ఈ ఒక్కసారే అన్నాడే. వల్లో ఏం పడట్లేదు, పిల్ల వాళ్లింటికి ఉత్త చేతుల్తో ఎలా పోను అన్నాడు. పెట్టె ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నాడు."

"శీలం పట్టిన నోటితో చెప్పావా నాకు?"

"నేను అబద్ధమాడలేదు. ఫ్యాన్ కావాలన్నాను. ఉక్క నిజం కాదూ?"

థావికి ఆ విసనకర్ర లాక్కుని విరిచేయాలనిపించింది. దానికంటే ముందు పడవ ఎక్కాలి, వాడెటు వెళ్లాడో అడగాలి. అడగబోతుండగానే తెడ్డు చప్పుడైంది.

ఛొర్న్ తన పడవకు ఫిరున్ పడవను తాడుతో కట్టి మెల్లగా లాక్కొచ్చాడు. అందులో కొత్త క్రమా తుండు మొహం మీద కప్పి ఉంది. పాదాలు మాత్రం బయటికి కనబడుతున్నాయి, తడిసి, తెల్లగా.

"రెల్లు దుబ్బుల కాడ నీళ్లల్లో ఉన్నాడమ్మా," అన్నాడు తల కిందికి వేసుకుని. "పెట్టెకి తగిలించిన కరెంటు గడ చేతిలోంచి రాలేదు. పెట్టె అప్పటికీ రొద పెడుతూనే ఉంది. తీగ పీకితేగాని నేను నీళ్లలో చెయ్యి పెట్టలేకపోయాను." ఆపైన ఓదార్పుగా అన్నాడు. "అది నీ చేతి బ్యాటరీ కాదులే. నీవి అంతసేపు ఆగవు."

తల్లి చేతిలోంచి విసనకర్ర జారింది. ఏడుపు ఇంకా రాలేదు, నోరు మాత్రం తెరుచుకుంది.

"నాదే బాబాయ్," అంది థావి.

పడవలోకి దిగి, ముందుగా తన తుండు తీసి తమ్ముడి పాదాల మీద కప్పింది. తరవాత బ్యాటరీని రెండు చేతులతో ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చింది. ఫ్యాన్ మీది గుడ్డ లాగి పారేసి, ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి బిగించింది. ఈ వేళ్లు ఒక్క రోజు, ఒక్క గది దగ్గర బద్ధకించి ఉంటే వాడు ఖాళీ పడవతో తిట్టుకుంటూ వచ్చేవాడు. అక్కకి పని రాదని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

"ఫ్యాన్ కావాలన్నావుగా," అంది తల్లితో. "ఇదిగో. కూర్చో దీని ముందు."

తల్లి కూర్చోలేదు. గోడ వైపు తిరిగి, గుండు తలను చేతుల్లో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. థావి ఆమె దగ్గరికి వెళ్లలేదు. తమ్ముణ్ణి లోపలికి చేర్చడానికి ఛొర్న్‌కు ఒక చెయ్యి వేసి, వాడి తలాపున కూర్చుంది.

పొద్దున భిక్షువుల పడవ వచ్చి గుమ్మానికి తగిలేసరికి ఊళ్లో దీపాలన్నీ ఎప్పుడో ఆరిపోయాయి. మూలన మాత్రం ఆరు మూతల బ్యాటరీ ఏమాత్రం అలసట లేకుండా, ఎవరూ కూర్చోని చోటికి గాలి విసురుతున్న ఆ ఫ్యాన్‌ను తిప్పుతూనే ఉంది.