అవాసీ గొర్రెకు పట్టిన మైల

తప్పు నాదే. ఇంకెవరి మీదికీ తోయను. గొర్రెను పిండకపోతే పాడైపోతుందని మా ఆయన వాసుదేవ్ మైల పట్టిన రెండో రోజే చెప్పాడు. వినలేదు నేను. నా నోరు పడిపోను!

మాకు రాయచూరు బజారులో గొంగళ్ళ దుకాణం ఉండేది. మిషను దుప్పట్లు వచ్చాక గొంగళి అడిగే నాథుడే లేకపోయాడు. దుకాణం మూసేసి, శక్తినగర్ దారిలో మాకున్న రెండెకరాల చెలకలో ఇల్లు వేసుకున్నాం. పెరట్లో నిలబడితే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆరేసిన బట్టలు దులిపితే బూడిద రాలుతుంది. అక్కడ పచ్చగడ్డి మాట దేవుడెరుగు, తుమ్మకంపకు కూడా బూడిదే. అట్లాంటి చోటికి ఆయన ఒక అవాసీ గొర్రెను, దాని పాలు తాగే పిల్లను తెచ్చాడు.

మధ్యధరా సముద్రం పక్కన ఎండదేశాల జాతట అది. గోధుమరంగు తల, తెల్లటి ఒళ్ళు, వెనక దిండంత కొవ్వు తోక. బూడిద పడ్డ కంప కూడా కరకర నమిలేది. పూటకు నిండు చెంబు పాలిచ్చేది. పాలంటే పాలా అవి, తోడేస్తే పెరుగు కత్తితో కోయాల్సి వచ్చేది. విరగ్గొట్టి జున్నుగడ్డలు చేస్తే హైదరాబాదు హోటలు వాళ్ళు కావాలని కబురు పంపారు. ఉన్ని తివాచీలకు పనికొస్తుంది, మాంసానికి కూడా మంచి గిరాకీ అని చెప్పారు గానీ మాంసం మాట ఎత్తొద్దన్నాడు ఆయన. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు.

"దుకాణపోళ్ళు గొర్లు కాసుడేంది?" అని బజారంతా పకపకా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. గొర్రెల సంఘం వాళ్ళు ముందు ఒక్కదాన్నే ఇచ్చారు. మూడు నెలలు తెగకుండా పాలు తీసి చూపిస్తే ఇంకో పదింటిని ఇస్తామన్నారు. లేకుంటే దీన్ని కూడా తోలుకుపోతామన్నారు. రెండు నెలలు దాటాయి. యాభై ఏళ్ళ మనిషి పొద్దున్నే ఈలవేసుకుంటూ దొడ్లోకి పోతుంటే చూసి ఎంత మురిసిపోయానో!

అప్పుడే మా అత్త కృష్ణాబాయి కాలం చేసింది. ఆయన ఒక్కడే కొడుకు. కృష్ణానది ఒడ్డున కర్మ, ఇంట్లో పదకొండు రోజుల మైల.

రెండో రోజు ఆయన తడిబట్టలతోనే చెంబు పట్టుకుని దొడ్డివైపు నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఏందండి, మైల చేతులతోని పొదుగు ముడ్తరా? ముడితే పాలు వట్టిపోతయి!"

మా పుట్టింట్లో అందరూ అనే మాటే అది. ఆ పాల మీద ప్రాణం పెట్టుకున్నదాన్ని కాబట్టే అన్నాను.

"పిండకుంటే పొదుగు ఖరాబైతది. పిండి పారబోస్తలే లక్ష్మీ. ఎవ్వరం తాగం."

"సావింట్ల పాలు నేలపాలు చేస్తరా? నలుగురు ఏమంటరు?"

ఆయన చెంబు కింద పెట్టేశాడు. తల్లి పోయిన మనిషి, వాదించే ఓపిక ఎక్కడిది?

పక్క చేనులో గొర్రెలు మేపే చెన్నప్పను పిలిచి అప్పగించాను. పుట్టినప్పటి నుంచీ గొర్రెల్లో బతికినవాడు. మైల లేనివాడు. అంతకన్నా ఏం కావాలి?

"పిండుడు ఎందుకక్కా, పిల్లను ఇడుస్త. గొర్రె పాలు పిల్లయే గద, మనం గుంజుకుంటే పాపం" అన్నాడు చెన్నప్ప.

వాళ్ళ గొర్రెలకు పొదుగు పిడికెడంత. పిల్ల తాగితే సరిపోతుంది. దీనిది బిందె అంత. రెండు పూటలా పిండితేనే ఖాళీ అవుతుంది. నాకు తెలుసు. తెలిసీ "సరే తియ్యి" అన్నాను. పని తెమిలిందనుకున్నాను.

నాలుగో రోజు గొర్రె కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. పిల్ల దగ్గరికొస్తే తన్నింది. చూసి కూడా ఇంకొక్క రోజు ఆగాను. ఐదో రోజు తెల్లవారగానే మైలా గియిలా అని విసిరికొట్టి, తోక ఎత్తిపట్టి కూర్చున్నాను. పొదుగు రాయిలా ఉంది, నిప్పులా కాలుతోంది. పిండితే నెత్తురు, చీము. గొర్రె అరవను కూడా అరవలేదు. నేనే అరిచాను.

పశువుల డాక్టరు అమరప్ప సూదులు వేశాడు. మర్నాటికి పొదుగు నల్లబడింది.

"పొదుగువాపమ్మా, ముదిరిపోయింది. గట్టి జాతి, బతుకుతది. పాలు మాత్రం ఇగ రావు. మాంసానికే" అన్నాడు.

ఆయన గుంజకు ఆనుకుని అంతా విన్నాడు. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని గుడ్డతో ఆవుపాలు పట్టబోయాడు. అది మూతి తిప్పుకుంది. తొమ్మిదో రోజు అది కూడా పోయింది.

సంఘం వాళ్ళు పదో రోజు వచ్చారు. పొదుగు చూసి, మైల కదా అని మంచినీళ్ళు కూడా ముట్టకుండా గొర్రెను బండెక్కించుకున్నారు. ఎక్కడికి తీసుకుపోతున్నారని ఆయన అడగలేదు. బండి మలుపు తిరిగేదాకా కట్లపాము కరిచినవాడిలా అట్లాగే నిలబడ్డాడు. ఇస్తామన్న పది గొర్రెల మాట కూడా ఆ బండితోనే పోయింది.

శుద్ధి అయ్యాక భోజనాలు పెట్టాం. చుట్టాలంతా వచ్చారు. మా ఆయన మేనత్త కుసుమమ్మ విస్తరి ముందు కూర్చుని నన్ను దగ్గరికి పిలిచింది. నా తల నిమురుతూ అందరికీ వినబడేట్టుగా అన్నది.

"ఈ కాలంల గిట్ల మైల పట్టేటోళ్ళు ఎవరున్నరే? అత్తకు ఒక్క లోపం రానియ్యలే. బంగారు కోడలివి."

పప్పు గరిటె గిన్నెలో పెట్టి ఆయన వైపు చూశాను. ఆయన పక్క విస్తరి దగ్గరే ఉన్నాడు. తప్పు నీదేనని ఆయన అనాలి, ఇన్నాళ్ళూ అనకపోయినా ఇప్పుడైనా అనాలి, నలుగురిలో నా పరువు తీసినా సరే అనుకున్నాను.

"అవునత్తా" అన్నాడు వాసుదేవ్, అన్నం కలుపుకుంటూ. "ఏ లోపం రానియ్యలే."

ఆ గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. ఉంటే బతికిపోయేదాన్ని.