అక్క పెట్టిన సంతకం

నేను లిఫ్టులు బాగుచేస్తాను. తలుపు తీసి ఉంటే లిఫ్టు కదలకూడదు. కానీ మేం పరీక్షించేటప్పుడు కదలాలి కాబట్టి, పైన మిషన్ గదిలో ఒక వైరు ముక్క తగిలిస్తాం. పనయ్యాక అది తీయడం మరిచిపోకుండా మావాళ్లకో అలవాటుంది. ఇంటి తాళాలు ఆ వైరుకే వేలాడదీస్తాం. తాళాల్లేకుండా ఎంత మొనగాడైనా ఇంట్లోకి పోలేడు కదా!

ఆ రోజు పనయ్యాక నేను పోయింది నా ఇంటికి కాదు, భోజనానికి అక్క ఇంటికి. ఇక తాళాలెందుకు గుర్తొస్తాయి, నా బొంద!

నేను లిఫ్టు బాగుచేసిన భవనానికే బావ వాచ్‌మన్. నాకంటే ముందే తిని లేచాడు. "నువ్వు తాపీగా రారా, కంచం ముందు నీకు తొందరేంటి" అని వేళాకోళమాడి డ్యూటీకి పోయాడు. ఐదో అంతస్తులో నీళ్ల డబ్బా దించుతూ, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా, తలుపు తీసి ఉన్నా లిఫ్టు కదిలింది. మళ్లీ బావను ప్రాణంతో చూడలేదు.

వారం తర్వాత మా మేనేజర్ పిలిచి, ఒక కాగితం, ఆ వైరుకి వేలాడుతూ దొరికిన నా తాళాలు బల్లమీద పెట్టాడు. చనిపోయిన మనిషే తలుపు బలవంతంగా తెరిచాడని కాగితంలో రాసుంది.

"మీ అక్కతో సంతకం పెట్టించు. ఆవిడకి చెక్కు. నీకు నీ తాళాలు."

సిగ్గు లేకుండా తీసుకున్నాను.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"పోయినోళ్లందరూ మంచోళ్లే అంటారు. మీ బావ ఒక్కడే తప్పుడోడయ్యాడేంట్రా?" అంది. "ఇది నెత్తుటి కూడు. తప్పు నిజంగా ఆయనదే అయితే కళ్లు మూసుకుని తింటాను, పిల్లని పెంచాలి కదా. నువ్వు ఆ పని తెలిసినవాడివి. నామీద ఒట్టేసి చెప్పు."

నా చెయ్యి లేవలేదు.

"వైరు తీయకుండా వచ్చింది నేనేనక్కా."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"జైల్లో వేస్తారా?" అంది అక్క.

తలూపాను.

పక్కగదిలో మేనకోడలు పాఠం పైకి చదువుకుంటోంది. అక్క ఆ తలుపు దగ్గరికి వేసి వచ్చి, సంతకం పెట్టింది.

"మొగుడు ఎలాగూ పోయాడు. తమ్ముణ్ణి కూడా పోగొట్టుకోలేను" అంది, నా వైపు చూడకుండా. "రేపు పిల్ల పెద్దదై నాన్నెలా పోయాడని అడిగితే మాత్రం, తప్పు ఆయనదేనని నువ్వే చెప్పాలి. నా నోటితో నేను చెప్పలేను."

"చెప్తానక్కా" అన్నాను.